కోర్టులో "దైవసాక్షిగా" అనొచ్చా? పంచాయితీలో బైబిలు పట్టుకోవచ్చా?

కడప విశ్వాసి:
అందరికీ వందనాలు. మత్తయి 5:34లో ప్రభువు "ఎంతమాత్రము ఒట్టుపెట్టుకొనవద్దు" అన్నాడు. యాకోబు 5:12 కూడా అదే చెప్తుంది. మరి కోర్టు బోనులో దైవసాక్షిగా ప్రమాణం చేసే విశ్వాసి ఆజ్ఞ మీరినట్టేనా? పల్లెల్లో అప్పు తగాదా వస్తే "బైబిలు మీద చెయ్యి పెట్టి ఇచ్చేసినానని చెప్పు, వదిలేస్తా" అంటారు కదా, దానికి ఒప్పుకోవచ్చా?

గుత్తి పాఠకుడు:
రెండూ తప్పే బ్రదర్. "ఎంతమాత్రము" అన్నాక మినహాయింపు ఎక్కడుంది? 1527లో ష్లైట్‌హైమ్ అనే ఊళ్ళో అనాబాప్టిస్టులు (పెద్దయ్యాకే బాప్తిస్మం అనే సంఘస్థులు) ఒప్పుకున్న ఏడు అంశాల్లో చివరిది ఇదే. ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు ఒట్టు పెట్టుకోము అన్నందుకు జైళ్ళకు పోయారు, మాట మార్చలేదు. ఒట్టు పెడితేనే నిజం అంటే, పెట్టనప్పుడు చెప్పేదంతా ఏంటి?

జమ్మలమడుగు సంఘపెద్ద:
వాక్యాన్ని ఒక ముక్కగా తీసుకోవద్దు అన్నా. ఆనాడు ఒట్లలో మెట్లుండేవి. మత్తయి 23:16-22 చదవండి. దేవాలయం తోడంటే పర్వాలేదు, దేవాలయపు బంగారం తోడంటే కట్టుబడాలి. బలిపీఠం తోడంటే ఏమీ లేదు, దాని మీది అర్పణ తోడంటే తప్పించుకోలేడు. అంటే మాట తప్పడానికి ముందే సందు పెట్టుకున్నట్టు. ప్రభువు కొట్టింది ఆ సందునే. మనకూ మెట్లున్నాయి: ఉత్త మాట, అమ్మతోడు, బిడ్డ తలమీద ఒట్టు. నీ తల తోడని ఒట్టు పెట్టుకోవద్దు, ఒక్క వెంట్రుకను తెల్లగా గానీ నల్లగా గానీ చెయ్యలేవు అని 5:36లో ఉంది. సొంత తల మీదే అధికారం లేనివాడు బిడ్డ తల మీద చెయ్యి ఎట్లా పెడతాడు?

అధికారి అడిగే ప్రమాణం వేరు. మత్తయి 26:63లో ప్రధానయాజకుడు జీవముగల దేవుని తోడని ఆన పెట్టేదాకా మౌనంగా ఉన్న ప్రభువు అప్పుడు జవాబిచ్చాడు. ఆన విని, తెలిసిన సాక్ష్యం దాచినవాడు దోషి అని లేవీయకాండం 5:1 చెప్తుంది. పౌలు 2 కొరింథీ 1:23లో దేవుణ్ణే సాక్షిగా పిలిచాడు. న్యాయాధికారి కోరితే ప్రమాణం చెయ్యొచ్చని, వృథా ఒట్లు కూడవని ఆంగ్లికన్ (ఇంగ్లండు) సంఘపు 39 విశ్వాస సూత్రాల్లో చివరిది చెప్తుంది.

గుత్తి పాఠకుడు:
ఆన పెట్టింది ఆ ప్రధానయాజకుడు కయప. ప్రభువు "నీవన్నట్టే" అన్నాడు, అంతే. ఆయన ఒట్టు పెట్టుకోలేదు. మీ ఉదాహరణ నా వైపే నిలబడుతుంది. పౌలు మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటా.

అనంతపురం వకీలు:
కోర్టు సంగతి వరకు చెప్తా. 1969 ప్రమాణాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం సాక్షి ఒట్టు బదులు ధ్రువీకరణ చెయ్యొచ్చు. దేవుని పేరు ఉండదు, నిజమే చెబుతానని గట్టిగా ధ్రువీకరిస్తున్నాను అంటే చాలు. చట్టంలోని నమూనాలో ఏ గ్రంథమూ లేదు, బైబిలు పట్టుకోవాలన్న నిబంధన అసలే లేదు. ముందురోజే మీ వకీలుకు చెప్పండి. బోనెక్కినాక, మాటలు చదివి వినిపించేటప్పుడే "ధ్రువీకరణ చేస్తాను సార్" అనండి. తలూపి తర్వాత అడగొద్దు. అఫిడవిట్‌లో "దైవసాక్షిగా" అని ముందే టైపు చేసి ఉంటుంది; నోటరీ దగ్గర సంతకానికి ముందే మార్పించుకోండి.

రెండూ వద్దని మొండికేస్తే భారతీయ న్యాయ సంహిత 213 కింద 6 నెలల దాకా సాధారణ జైలు. ధ్రువీకరించి అబద్ధమాడితే 229 కింద 7 ఏళ్ళ దాకా, ఒట్టు పెట్టి ఆడినవాడికి ఎంతో అంతే.

కడప విశ్వాసి:
అయితే కోర్టులో ఇబ్బందే లేదు. పంచాయితీ సంగతి?

జమ్మలమడుగు సంఘపెద్ద:
అక్కడ నేనూ గుత్తి అన్న పక్షమే. ఎవరి దగ్గరా అధికారం లేదు, ఒట్టే తీర్పవుతుంది. అబద్ధమాడడానికి తెగించినవాడు చెయ్యి పెట్టి గెలుస్తాడు, భయమున్నవాడు నిజమైనా వెనక్కి తగ్గి ఓడిపోతాడు. ఆర్నెల్లకు వాళ్ళింట్లో పిల్లోడికి జ్వరమొస్తే "ఒట్టు తగిలింది" అంటారు. బైబిలు అట్లాంటి వస్తువా?

అనంతపురం వకీలు:
1873 నాటి పాత చట్టంలో కోర్టులే దీన్ని ఒప్పుకునేవి. ఎదుటివాడి ప్రత్యేక ప్రమాణానికి కట్టుబడతానంటే, ఆ ప్రమాణమే తిరుగులేని రుజువు. 1969లో దాన్ని ఎత్తేశారు. ఒట్టు అడిగేవాళ్ళతో "లెక్క తీద్దాం" అనండి. ప్రాంసరీ నోటుకు 3 ఏళ్ళ గడువు. గడువులోపే నోటు వెనక తేదీతో చెల్లు రాసి, అప్పు తీసుకున్నవాడు సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ 3 ఏళ్ళు. ఈ సంతకం లేకనే సగం తగాదాలు ఒట్లదాకా వస్తాయి.

నంద్యాల సోదరి:
అయ్యా, మొక్కుబడి మాటేంటి? బిడ్డకు నయమైతే ఎకరా అమ్మి గుడికిస్తానని మొక్కి, ఇప్పుడు అమ్మితే తిండే లేనివాళ్ళుంటే?

కర్నూలు కథోలికుడు:
అమ్మా, మా కథోలిక సభ చట్టంలో 1191వ నిబంధన ప్రకారం మొక్కు సాధ్యమైనది, మరింత మేలైనది అయ్యుండాలి. భయపెట్టి చేయించింది చెల్లదు. న్యాయమైన కారణముంటే విచారణ గురువులే (మీ గుడి ఫాదరే) విడుదల ఇవ్వొచ్చు, వేరే పనికి మార్చనూ వచ్చు (1196, 1197). మీ అంతట మీరే రద్దు చేసుకోవద్దు, ఆయనతో మాట్లాడండి.

గుత్తి పాఠకుడు:
మాకు ఆ ఏర్పాటు లేదు గానీ, లేవీయకాండం 27:8 చూడు సోదరీ. మొక్కినవాడు బీదవాడైతే అతని శక్తిని బట్టి యాజకుడు వెల కట్టాలి. ఎకరా కాకపోతే పంట మీద కొంత అని పెద్దల ముందు రాసుకోండి. ప్రసంగి 5:5 చెప్పినట్టు మొక్కి చెల్లించకపోవడం కంటే మొక్కకపోవడమే మేలు కాబట్టి, ఈసారి ఇవ్వగలిగినంతే రాయండి.