రెండు రైఫిళ్ల ట్రిగ్గర్ ఒకేలా ఎందుకు ఉండదు?

ప్రశ్న: నేను 10 మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌తో సాధన చేస్తుంటాను. దాని ట్రిగ్గర్ చాలా తేలిక. ఈ మధ్య ఒక .22 స్పోర్టర్ (పొలాల్లో, అడవుల్లో మోసుకెళ్లే తరహా) రైఫిల్, ఒక స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిల్ వాడి చూస్తే రెండూ మొరాయించినట్టు అనిపించాయి. స్పోర్టర్ ట్రిగ్గర్ బరువు (పేలడానికి వేలితో నొక్కాల్సిన బలం) కొలిస్తే 1500 గ్రాములు ఉంది. స్ప్రింగ్ వదులు చేయిస్తే సరిపోతుందా?

జవాబు: స్క్రూ జోలికి వెళ్లే ముందు, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది బరువా, ట్రిగ్గర్ నడకా అన్నది తేల్చుకోండి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, .22లో డమ్మీ తూటా పెట్టి, కళ్లు మూసుకుని చాలా నెమ్మదిగా నొక్కండి. సియర్ (పేలేదాకా లోపలి స్ప్రింగును పట్టి ఉంచే కొక్కెం) వదిలేలోపు బ్లేడు (వేలు నొక్కే భాగం) గరగరమంటూ కొద్దికొద్దిగా జరుగుతోందా? అదే క్రీప్. వదిలాక వేలు ఒక్కసారిగా వెనక్కి దూసుకుపోతోందా? అది ఓవర్‌ట్రావెల్. సుద్దముక్క విరిగినట్టు పుటుక్కున వదిలే 1500 గ్రాముల ట్రిగ్గర్, 800 గ్రాములే అయినా గరగరలాడే ట్రిగ్గర్ కన్నా ఎంతో మేలు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు కనీస ట్రిగ్గర్ బరువు లేదు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు మాత్రం 1500 గ్రాములు ఉండి తీరాలి. మీరు కొలిచిన బరువుతోనే అంతర్జాతీయ పోటీల్లో షూట్ చేస్తున్నారన్నమాట.

అసలు తేడా స్టేజీల్లో ఉంది. మీ మ్యాచ్ రైఫిల్‌ది రెండు స్టేజీల ట్రిగ్గర్: మొదటి స్టేజీలో తేలికగా జరిగి వేలు ఒకచోట ఆగుతుంది, రెండో స్టేజీలో అక్కడి నుంచి మరికొంచెం నొక్కితే సియర్ వదులుతుంది. మొత్తం 100 గ్రాములు అనుకుందాం. అందులో 70 మొదటి స్టేజీలోనే పోతే, వేలు ఆగాల్సిన చోట మిగిలేది 30. ఆ ఆగే చోటు తెలిసీ తెలియకముందే గుండు వెళ్లిపోతుంది. మొదటిది 40, రెండోది 60 ఉంటే ఆ చోటు వేలికి స్పష్టంగా తగులుతుంది. బరువు కొలిచే గేజీ రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది, వేలికి మాత్రం అవి రెండు వేర్వేరు ట్రిగ్గర్లు. చాలా స్పోర్టర్లలో ఉండేది ఒకే స్టేజీ. అక్కడ మొదటి స్టేజీని లాగేసే అలవాటుతో నొక్కితే రైఫిల్ అనుకోకుండా పేలుతుంది, లేదా గుంజుడు వస్తుంది. మీకు వస్తున్న ఇబ్బంది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం.

స్ప్రింగ్ పిస్టన్ సంగతి వేరు. బిగించిన పెద్ద స్ప్రింగ్ బలమంతా సియర్ మోయాలి. మధ్యలో లివర్లు లేకపోతే ఆ ఒత్తిడంతా ఒరిపిడిగా మారి వేలికి తెలుస్తుంది. వైరావ్ సంస్థ రెకార్డ్ ట్రిగ్గర్‌లో లివర్లు ఆ భారాన్ని తగ్గిస్తాయి, అందుకే దానికంత పేరు. ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లలో సియర్ పట్టుకోవలసింది చిన్న హ్యామర్ స్ప్రింగునే.

మరో సభ్యుడు: పై మాటలతో ఏకీభవిస్తున్నాను. ఒక హెచ్చరిక కూడా అవసరం. సియర్ పట్టు తగ్గించే స్క్రూను సొంతంగా తిప్పవద్దండీ. పొలాల్లో, అడవుల్లో మోసుకెళ్లే రైఫిల్‌కు లోతైన పట్టు కావాలి. ఫైరింగ్ లైన్ మీదే లోడ్ చేసే మ్యాచ్ రైఫిల్‌తో దాన్ని పోల్చకూడదు. తుపాకుల మరమ్మతు తెలిసినవారితోనే చేయించండి. పని అయ్యాక, ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి (పేల్చడానికి సిద్ధంగా బిగించి) బట్ (భుజానికి ఆనించే చివర) మీద అరచేత్తో గట్టిగా తట్టి చూడమనండి. సియర్ వదిలేస్తే ఆ రైఫిల్ వాడటానికి పనికిరాదు. ఇంకొకటి: వేలు బ్లేడు కింది కొసన పడితే లివర్ పొడవు పెరిగి ట్రిగ్గర్ తేలికగా అనిపిస్తుంది. కాబట్టి కొలిచే చోటు, నొక్కే చోటు ఒకటే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: ఒకే స్టేజీ అలవాటు కావడానికి గుండు లేకుండా నొక్కుతూ సాధన చేయవచ్చా?

జవాబు: మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌లో అందుకు ప్రత్యేక అమరిక ఉంటుంది, నిశ్చింతగా చేయండి. .22లో ఎప్పుడూ డమ్మీ తూటా పెట్టుకోండి. కొన్ని మోడళ్లలో ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచును కొట్టి దెబ్బతీస్తుంది. స్ప్రింగ్ పిస్టన్‌ను మాత్రం పెల్లెట్ లేకుండా ఎన్నడూ పేల్చవద్దు. అడ్డు నిలిచే పెల్లెట్ లేకపోతే ముందున్న గాలి మెత్తలా ఆపదు, పిస్టన్ నేరుగా వెళ్లి సిలిండర్ చివర గుద్దుకుంటుంది.