18 దాటినోళ్ల రోబో: మన చిన్నతనమా, పక్కోడి చిన్నతనమా?

కూర్మన్నపాలెం44:
మొన్న ఫ్రెండొకడు మా ఇంట్లో షోకేసు చూసి మొహమ్మీదే అడిగేశాడు: "చిన్నప్పుడు నువ్వు దీన్ని ముట్టుకున్నావా? మరి ఈ పాత జ్ఞాపకాలేటి?" నోట మాట రాలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

సంగతి లెగో (చిన్న ప్లాస్టిక్ ఇటుకలతో కట్టుకునే బొమ్మల కంపెనీ) వాళ్ల ఆప్టిమస్ ప్రైమ్, అంటే ట్రాన్స్‌ఫార్మర్స్ కథల్లో లారీగా మారే రోబో. 2022లో వచ్చింది, 1,508 ముక్కలు, డబ్బా మీద 18+ అని ఉంటుంది. నిలబెడితే సుమారు 35 సెంటీమీటర్లు. విప్పి మళ్లీ కట్టక్కర్లేదు, చేతులూ కాళ్లూ మడిస్తే లారీ అయిపోద్ది.

లెగోది కాదు, దానికి మూలమైన పాత అసలు బొమ్మని 1989 వేసవిలో మా పెదనాన్నగారి అబ్బాయి మస్కట్ నుంచి తెచ్చాడు. పది రోజులున్నాడు, ఒక్కసారీ నా చేతికివ్వలేదు. "ఇరగ్గొట్టేస్తావురా" అనేవాడు. రోబో రొమ్ము మీది కిటికీలు లారీ ముందద్దాలయ్యే ఆ ఒక్క క్షణం కోసం మంచం కోడు పక్కన కూర్చుని చూసేవాణ్ణి.

ఇప్పుడు నేనే కట్టాను. మూడు రాత్రులు పట్టింది. ముక్కలు ఏరుకోడానికి అమ్మ బియ్యం చాట తీసుకున్నా. మర్నాడు బియ్యంలో చిన్న ఎర్రముక్క తగిలితే "ఇదేం పురుగురా నాయనా" అని అరిచింది.

నేననేది, మనకి లేని బొమ్మ మీద కూడా బెంగ ఉంటుంది. మీరేమంటారు?

లాసన్స్‌బే లేజీ:
అది బొమ్మ మీద బెంగ కాదండీ, మీ అన్నయ్య మీద కోపం.

మన ఊరి పిల్లల చిన్నతనం అంటే లక్కపిడతలు, పాత సైకిల్ టైరు, కర్రాబిళ్ల. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. (2022లో విశాఖ నుంచి విడిపోయి ఆ ఊరు అనకాపల్లి జిల్లాలోకెళ్లింది అనుకోండి, అయినా మనది కాదంటామా?) అంకుడు కర్ర, దాని మీద లక్క రంగు, పిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. అంత పోసి కొనేది ఎవడో అమెరికావోడి చిన్నతనాన్నా?

ఏయూ మెకానికల్:
లేజీ గారూ, అమెరికావోడికి కూడా అది సొంతం కాదు. 1984లో హాస్బ్రో అనే అమెరికా బొమ్మల కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్స్ అని అమ్మినవాటికి అచ్చులు జపాన్‌లో టకారా కంపెనీ వాళ్లవి. డయాక్లోన్, మైక్రోమాన్ అని అక్కడ అప్పటికే అమ్ముతున్న బొమ్మలు. కొత్త పేర్లూ కథా హాస్బ్రో తగిలించింది. అరువు లెక్కలు తీస్తే ఎక్కడా తెగవు.

నాకు జ్ఞాపకాల గొడవ లేదు. నేను కొన్నది కీళ్ల కోసం. లెగో ఇటుకలు పట్టుకునుండేది ఒత్తిడి, రాపిడి మీదే, జిగురుండదు. అంటే మడిచేటప్పుడు కీలు తిరగడానికి పట్టే బలం ఇటుక ఊడటానికి పట్టే బలం కంటే తక్కువుండాలి. లేకపోతే భుజం తిప్పబోతే భుజమే చేతికొస్తుంది. పోనీ కీలు మరీ వదులు చేస్తే బరువుకి చెయ్యి వాలిపోద్ది. ఈ రెంటి మధ్య 19 చోట్ల కీళ్లు కుదిర్చారంటే నాకు అదే సినిమా. 2023లో లెగో వాళ్లదే బంబుల్‌బీ (కారుగా మారే రోబో) వచ్చింది, 950 ముక్కలే, అది కూడా చూడండి.

రామ్‌నగర్ పాతసామాను:
ఈ చర్చలో అసలు బొమ్మ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా. కొంత లోహపు బరువు, కొంత ప్లాస్టిక్. మన సముద్రపు గాలికి మరలు తుప్పెక్కిపోయాయి, అయినా పారెయ్యలేదు.

లెగోది మా బావమరిది ఇంట్లో చూశాను. చూట్టానికి బ్రహ్మాండం. కానీ అసలుదాన్ని నేను చీకట్లో కూడా మడిచేవాణ్ణి, పరుపు మీదికి విసిరేవాణ్ణి. దీన్ని గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోవాలి, మడవబోతే ఒక పలక ఊడి సోఫా కిందకెళ్లింది. పైగా లారీ వెనక తగిలించే ట్రెయిలర్ లేదు! ఆ ట్రెయిలర్ తెరిస్తేనే కదా సగం ఆట. నా చేతికి గుర్తున్న ఆట ఇందులో లేదండీ. డబ్బు దండగ అనే అంటాను.

ఎంవీపీ రాత్రిడ్యూటీ:
ఆడినాయనకి నచ్చలేదు, చూస్తూ కూర్చున్నాయనకి నచ్చింది. తమాషాగా లేదూ?

లాసన్స్‌బే లేజీ:
ఉంది. అంటే 44 గారికి గుర్తున్నది కంటికే, చేతికి కాదు. షోకేసులో బొమ్మ కంటికే కదా. సరే, ఆయన మటుకు మోసపోలేదని ఒప్పుకుంటా. అందరి తరఫునా ఒప్పుకోను. "పాత రోజులు" అని రాసి ఉంటే చాలు, ఏదైనా కొనేసేవాళ్లు మా ఆఫీసులోనే నలుగురున్నారు.

కూర్మన్నపాలెం44:
ఇది నాకు తట్టనే లేదు. నిజమే, కట్టాక నేను దాన్ని మడిచింది రెండే రెండుసార్లు. రెండోసారి పూర్తిగా లారీ చెయ్యలేదు, కిటికీలు తిరిగిందాకా తిప్పి ఆపేశాను.

ట్రెయిలర్ సంగతి అంటారా, అన్నయ్య అసలు ట్రెయిలర్ తెచ్చినట్టే గుర్తు లేదు. మస్కట్‌లో వదిలేశాడేమో అడగాలి. సంక్రాంతికి వస్తున్నాడు. చేతికివ్వాలా వద్దా అని మా ఆవిడ ఇప్పట్నుంచే నవ్వుతోంది.

ఏయూ మెకానికల్:
ఇస్తే ఇవ్వండి గానీ ఎండపడే కిటికీ పక్కన మాత్రం పెట్టకండి, తెలుపూ బూడిదా రంగు ముక్కలు పచ్చబారతాయి.

లాసన్స్‌బే లేజీ:
అస్సలు ఇవ్వకండి. ఇరగ్గొట్టేస్తాడు.