ఒక్క కంప్యూటర్లోనే సైట్లు తెరుచుకోవడం లేదు, ఫోన్లో బాగానే వస్తాండాయి

జిరాక్స్‌షాపు_అనంతపురం:
అన్నలారా, టవర్ క్లాక్ వెనక సందులో నాది చిన్న జిరాక్స్, నెట్ షాపు. మూడు కంప్యూటర్లు ఉండాయి. తలుపు పక్కనుండే పాత డెస్క్‌టాప్‌లో నాలుగు రోజుల నుంచి ఏ సైటు కొట్టినా "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అని ఎర్ర గుర్తు వస్తాంది. మిగతా రెండింట్లో, నా ఫోన్లో అదే వైఫైతో ఏ తకరారూ లేదు. రౌటర్ ఆపి వేసినా. హిస్టరీ, కుకీలు తుడిచేసినా. క్రోమ్ తీసేసి మళ్లా ఎక్కించినా. పొద్దున కూడేరు నుంచి ఒక పెద్దాయన అడంగల్ కోసం వచ్చి, అరగంట కూర్చోని, "నీ మిషన్‌కు నా మింద నమ్మకం లేనట్లుందప్పా" అని పక్క షాపుకు పాయ. యూట్యూబ్‌ది ఇంగో కథ. ఎర్ర గుర్తేం రాదు, "కనెక్ట్ చేయడానికి నిరాకరించింది" అంటాది. నెట్ కంపెనీవాళ్లే బ్లాక్ చేసినారా?

కడపోడు_21:
వీపీఎన్, అదే నెట్‌ను వేరేవాళ్ల సర్వర్ గుండా తిప్పే యాప్, ఏస్కో అన్నా, అన్నీ తెరుచుకుంటాయి.

పాతబస్తీ_రిపేరు, కర్నూలు:
వీపీఎన్ జోలికి పోవద్దు సామీ. నీ షాపులో జనాలు ఆధార్ ఓటీపీలు కొడతారు. ఊరూ పేరూ లేని ఫ్రీ వీపీఎన్ గుండా అవన్నీ పంపిస్తావా? అదే వైఫైతో ఫోన్లో వస్తాంటే కంపెనీ బ్లాక్ కాదు. రోగం ఆ డబ్బాలోనే ఉంది. ఎర్ర గుర్తు కింద సన్న అక్షరాల్లో ఒక కోడు ఉంటుంది, దాన్ని పూర్తిగా చదివి చెప్పు. అట్లే కింద కుడి మూల గడియారం ఏం చూపిస్తాందో కూడా.

జిరాక్స్‌షాపు_అనంతపురం:
నెట్ ఎర్ర్ సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్ అని ఉంది. తేదీ చూస్తే 2013 జనవరి 1! టైం సరిగ్గానే ఉన్నట్లుంటే తేదీ వైపు చూడనేలే.

పాతబస్తీ_రిపేరు, కర్నూలు:
దొరికింది. ప్రతి సైటుకూ అది అసలుదేనని చూపే సర్టిఫికెట్ ఉంటుంది, దాని మింద ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకే చెల్లుతుందని రాసి ఉంటుంది. నీ కంప్యూటర్ ఇంకా 2013లో ఉంది కాబట్టి, దాని లెక్కలో ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. తేదీ చేత్తో సరిచేసి, టైం జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ పెట్టి, సింక్ నౌ నొక్కు.
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లా వెనక్కి పోతాంటే మదర్‌బోర్డు మింద సెల్ అయిపోయినట్లు. సీఆర్ 2032, మూడు వోల్టులది, రూపాయి బిళ్లంత ఉంటుంది. ప్లగ్గు పీకి, పాతది తీసి, ప్లస్ గుర్తు పైకి వచ్చేట్లు కొత్తది పెట్టు. ఎర్ర గుర్తు వచ్చినప్పుడు "అడ్వాన్స్‌డ్" నొక్కి దౌర్జన్యంగా లోపలికి పోయే అలవాటు మాత్రం వద్దు, ముఖ్యంగా బ్యాంకు సైట్లలో.
యూట్యూబ్ సంగతి వేరే. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, డ్రైవర్స్, ఈటీసీ లోపల హోస్ట్స్ అని ఒక ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి దాన్ని చూడు. 127.0.0.1 అంటే నీ కంప్యూటర్ సొంత అడ్రసు. దాని పక్కన యూట్యూబ్ పేరుంటే, బ్రౌజర్ ఆ సైటును నీ డబ్బాలోనే వెతుకుతాంది. అక్కడ ఏముంటుంది? లైను ముందర హ్యాష్ గుర్తు (#) పెడితే ఆ లైను పనిచేయదు. అట్ల పెట్టి సేవ్ చేసి, గుర్తుపెట్టుకున్న పాత అడ్రసులు పోయేదానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్పేస్ స్లాష్ ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టు.

జిరాక్స్‌షాపు_అనంతపురం:
అన్నా, సెల్ మార్చినా. పీకిన పాతదాని మింద పచ్చగా బూజు మాదిరి పట్టింది. సాయంత్రం రెండుసార్లు కరెంటు పోయింది, తేదీ కదల్లే. సైట్లన్నీ వస్తాండాయి.
హోస్ట్స్ ఫైల్లో మూడు లైన్లు ఉండాయి, యూట్యూబ్‌వే. ఎవురు పెట్టినారా అని గంటసేపు బుర్ర గోక్కున్యా. పోయిన ఏడు మావోని ఇంటర్ పరీక్షలప్పుడు నేనే మనిషిని పిలిపించి, నూరు రూపాయలిచ్చి పెట్టించినా! నవ్వద్దండి.

కడపోడు_21:
మరి హ్యాష్ పెట్టినావా?

జిరాక్స్‌షాపు_అనంతపురం:
లేదు. మావోడు మ్యాథ్స్ సప్లిమెంటరీ రాసేది ఉంది.