స్కాట్లాండ్, ఫ్రాన్స్ బ్యాక్‌ప్యాకింగ్: ఏ ఊర్లు ఉంచాలె, ఏవి తీసెయ్యాలె?

నయీంనగర్ పోరడు:

అందరికి నమస్తే. మాది హన్మకొండ. మా చెల్లె గ్లాస్గోల మాస్టర్స్ చేస్తుంది, జూన్ ఆఖర్ల కాన్వొకేషన్. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్న ఆమెను ఇడిచిపెట్టి రాలేడు. ఇంటి తరఫున నేనే పోతున్న. అంత దూరం పోయి మూడు రోజులల్ల తిరిగి రావుడెందుకని, మూడు వారాలు లీవు పెట్టి స్కాట్లాండ్, అటునుంచి ఫ్రాన్స్ తిరుగుదామని అనుకుంటున్న. కారు తీసుకోను. వీపుకు ఒక్క బ్యాగు, బస్సులు, రైళ్లు, హాస్టళ్లు.

ఇప్పటికి రాసుకున్న లిస్టు: గ్లాస్గో, ఎడిన్‌బరా, స్టర్లింగ్, ఇన్వర్‌నెస్, స్కై దీవి, పారిస్, స్ట్రాస్‌బూర్, లియోన్, మార్సేయ్, నీస్, బోర్దో. ఎక్కువైందని నాకే అనిపిస్తుంది గని ఏది తీసెయ్యాల్నో తెలుస్తలేదు. చికెన్, మటన్ తింట, బీఫ్, పోర్క్ ముట్ట. పెద్ద పెద్ద కోటలకన్న పల్లెలు, కొండలు, అక్కడి మనుషులు ఎట్ల బతుకుతున్నరో చూడాలని ఉంది. ఇట్ల తిరిగొచ్చినోళ్లు ఉంటే జర చెప్పండ్రి.

కరీంనగర్ టవర్ సర్కిల్:

తమ్మీ, ముందుగాల వీసాల సంగతి. బ్రిటన్ వీసా వేరే, ఫ్రాన్స్‌ది షెంజెన్ వీసా (యూరప్‌ల చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) వేరే. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకు. షెంజెన్‌కు కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచే అప్లై చెయ్యచ్చు, జూన్ అంటే రద్దీ కాలం కాబట్టి ఆలస్యం చెయ్యకు. టికెట్ రానుపోను ఒకే ఊరికి తీసుకోకు. పోయేటప్పుడు గ్లాస్గోల దిగేటట్టు, వచ్చేటప్పుడు ఫ్రాన్స్‌ల ఎక్కేటట్టు చూస్కో. నడుమ ఎడిన్‌బరా నుంచి లండన్ రైలు నాలుగున్నర గంటలు, లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి పారిస్‌కు యూరోస్టార్ రెండుంబావు గంటలు. ఫ్రాన్స్ పోలీసులు పాస్‌పోర్టు చూసేది లండన్ స్టేషన్‌లనే, గంటంబావు ముందే చేరుకో. ఇంకోటి, స్కాట్లాండ్‌ల మూడు బ్యాంకులు తమ సొంత నోట్లు అచ్చు వేస్తయి. అవి పౌండ్లే గని లండన్‌ల కొందరు దుకాణాలోళ్లు తీసుకోరు. అక్కడ్నే ఖర్చు పెట్టేసి కదులు.

కొత్తవాడ బిడ్డ:

తమ్మీ, నీ లిస్టుల స్టర్లింగ్, స్ట్రాస్‌బూర్, మార్సేయ్, నీస్, బోర్దో తీసెయ్. మంచి ఊర్లే, గని నువ్వు అడిగింది మనుషులు ఎట్ల బతుకుతున్నరో చూడాలని. అది రైలు దిగి, సాయంత్రం మళ్ల రైలెక్కితే కనబడదు. నేను ఒక్కదాన్నే పోయిన, బ్యాగు వీపున వేస్కొని. మాది వరంగల్ కొత్తవాడ, మా నాయన దర్రీలు నేసెటోడు. అందుకే నేను పోయిన తొవ్వంత మగ్గాల ఎంబడి పోయినట్టే అయ్యింది. నీకు మగ్గాలతోని పని లేకున్నా ఆ తొవ్వ నీకు పనికొస్తది.

గ్లాస్గోల చెల్లెతోని ఉంటవు కాబట్టి కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం చూడు. 1901ల కట్టిన భవనం, లోపలికి పోవుడు ఉచితం. ఆ ఊరి సబ్‌వే 1896 నుంచి నడుస్తుంది, పదిహేను స్టేషన్లు, గుండ్రంగ తిరుగుతనే ఉంటది. ఇంతకన్న గ్లాస్గో గురించి చెప్ప, నీ చెల్లె చెప్తది.

ఇగ అక్కడ్నుంచి పొద్దుగాల బుకానన్ బస్ స్టేషన్‌ల స్కై పోయే సిటీలింక్ బస్సెక్కు. సాయంత్రం దాక ప్రయాణం. సుస్తీ అనిపించినా నిద్రపోకు. మొదట కుడిచేతి వైపు కూసో, లోమండ్ సరస్సు అటే వస్తది. కొద్దిసేపు అయినంక గ్లెన్‌కో లోయ. అక్కడ ‘ముగ్గురక్కచెల్లెండ్లు’ అనే కొండలు ఎడమ దిక్కు ఉంటయి, సీటు ఖాళీ ఉంటే మారు. 1692 ఫిబ్రవరిల ఆ లోయల ఇండ్లల్ల అతిథులుగ ఉండి, తిండి తిని, పన్నెండు పొద్దులు గడిపిన సైనికులే తెల్లారకముందు లేచి మెక్‌డొనాల్డ్ వంశపోళ్లను చంపిన్రు. మా బస్సుల ఒక ముసలామె పక్క సీటుకెల్లి నాకు ఆ కథ చెప్పింది. అన్నం పెట్టినోళ్లను చంపుడు అన్న కాడ ఆమె గొంతు మారింది. మూడు వందల ఏండ్ల కింది ముచ్చట నిన్న జరిగినట్టు చెప్పింది.

స్కైల పోర్ట్రీ ఊర్ల ఉండు. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే నిటారు రాయి ఉన్న కొండ అందరు ఎక్కుతరు, పొద్దున్నే పోతే జనం తక్కువ. జూన్‌ల అక్కడ రాత్రి పది దాటినా ఎలుగు ఉంటది, కాబట్టి సాయంత్రం ఆరింటికి ఎక్కినా ఇబ్బంది లేదు.

గని చాలామంది స్కై చూసి ఎనుకకు మర్రుతరు. నువ్వు మర్రకు. స్కై కొసకు ఊయిగ్ అనే రేవు ఉంది, అక్కడ ఫెర్రీ ఎక్కితే గంటా నలభై నిమిషాలల్ల హారిస్ దీవిల టార్బర్ట్ వస్తది. హారిస్ ట్వీడ్ బట్ట అక్కడిది. 1993ల బ్రిటన్ పార్లమెంటు దానికోసమే ఒక చట్టం చేసింది. గా పేరు పెట్టి అమ్మాలంటే, ఆ దీవులల్ల రంగు అద్ది వడికిన గొర్రె ఉన్నితోని, అక్కడోళ్లు తమ ఇంటికాడ చేత్తో నేసిన బట్టే కావాలె. ఫ్యాక్టరీల నేస్తే ఆ పేరు రాదు.

తొవ్వ పక్కకు రేకుల షెడ్డు కనబడ్డది, బయట చిన్న బోర్డు. తలుపు తీసే ఉంది. లోపల ఒకాయన మగ్గం మీద కూసోని పెడల్ తొక్కుతుండు, సైకిల్ తొక్కినట్టు. కరెంటు మోటరు లేదు. నూనె వాసన, తడి ఉన్ని వాసన కలిసి వస్తున్నయి. ఊదా, పచ్చ, మట్టి రంగుల పోగులు. నేను గోడకు ఆనుకొని నిలవడ్డ. కొద్దిసేపటికి పడుగుల ఒక పోగు తెగింది. నాడె ఆగింది. ఆయన లేచి, కొసలు రెండు దొర్కబట్టి, చూడకుంటనే ముడేసి, మిగిలిన కొసను కత్తిరించి మళ్ల కూసున్నడు. నేను నా ఫోన్ల మా ఇంటి మగ్గం ఫోటో చూపెట్టిన. ఆయన ఫోన్ తీస్కొని పెద్దగ చేసి, మనుషుల దిక్కు చూడలే, మగ్గం పలక ఎట్ల కట్టినమో చూసిండు. కింద గుంత ఎందుకని అడిగిండు. కాళ్లు పెట్టి తొక్కుడు అందులనే అని చెప్పిన. నూలు ఎవలిస్తరు, మీటరుకు ఎంతిస్తరు, పిల్లలు నేర్చుకుంటున్నరా... మా వాడల ఇద్దరు నేతగాళ్లు కలిస్తే ఏం మాట్లాడుకుంటరో అవే అడిగిండు. అక్కడ గూడ శానమందికి నూలు మిల్లుకెల్లే వస్తది, నేసిన బట్ట మిల్లుకే పోతది. కొందరు సొంతంగ నేసి షెడ్డుకాడ్నే అమ్ముకుంటరు. కొనాలనుకుంటే అట్లాంటోళ్ల దగ్గర కొను. బట్ట ఎనుక గోళం మీద శిలువ ఉండే ముద్ర ఉండాలె.

ఆ దీవిల ఆదివారం దుకాణాలు దాదాపు అన్ని బందు ఉంటయి. శనివారమే రొట్టె, గుడ్లు కొని పెట్టుకో. లస్కెన్‌టైర్ ఇసుక బీచ్ తప్పకుంట చూడు. వచ్చేటప్పుడు అదే తొవ్వల ఎనుకకు రాకు. బస్సుల స్టోర్నొవే పోయి, అక్కడ ఫెర్రీ ఎక్కి ఉల్లాపూల్ల దిగితే ఇన్వర్‌నెస్‌కు బస్సుంటది, అక్కడ్నుంచి రైల్ల ఎడిన్‌బరా.

ఫ్రాన్స్‌ల పారిస్ రెండు రోజులు చాలు. లియోన్‌కు ఎక్కువ ఇయ్యి. పారిస్ నుంచి రెండు గంటల రైలు, 1981ల ఫ్రాన్స్ మొదటి హైస్పీడ్ రైళ్లు నడిచింది ఆ తొవ్వలనే. లియోన్‌ల క్రుఆ రూస్ అనే గుట్ట ఉంది, పట్టు నేసెటోళ్లు బతికిన గుట్ట. వాళ్లను కానూలు అంటరు. మగ్గాల మీద జకార్డ్ పెట్టె చూసినవా, డిజైన్ కోసం అట్టలకు బొక్కలు కొట్టి దండలెక్క వేలాడదీస్తరు? దాన్ని చేసిన జకార్డ్ అనేటాయన పుట్టింది ఈ ఊర్లనే, 1804 నాటి యంత్రం ఆయనది. మా చుట్టాల ఇంట్ల చీర మగ్గం మీద చిన్నప్పటి నుంచి చూసిన పెట్టె అది. ఆ పెట్టె పైకి పట్టాలని ఆ గుట్ట మీద ఇండ్ల కప్పులే నాలుగు మీటర్ల ఎత్తు కట్టిన్రు. ఎలుగు కోసం కిటికీలు అంత పొడుగు పెట్టిన్రు. మెజాన్ దె కానూ అనే మ్యూజియంల ఇప్పటికీ చేతిమగ్గం మీద నేసి చూపిస్తరు.

కూలి రేట్ల కోసం 1831ల ఈ గుట్ట మీద నేతగాళ్లు తిరగబడ్డరు. నల్లజెండా మీద ‘పనిచేస్తూ బతుకుదాం, లేకుంటే కొట్లాడుతూ చద్దాం’ అని రాసుకున్నరు. 1834ల మళ్ల లేచిన్రు, సైన్యం మస్తుమందిని చంపింది. ఇండ్ల కిందికెల్లి ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోయే సందులు ఉంటయి, త్రబూల్ అంటరు. వానకు పట్టు తడవకుంట ఆ సందులల్ల మోసుకపోయేటోళ్లు. రెండో ప్రపంచ యుద్ధంల జర్మన్ల మీద కొట్లాడినోళ్లు వాళ్లకు దొర్కకుంట ఆ సందులల్లనే దాక్కున్నరు. ‘కూర్ దె వొరాస్’ అనే సందు చూడు, ఆరంతస్తుల రాతి మెట్లు. లోపల మనుషులు ఉంటరు కాబట్టి చప్పుడు చెయ్యకు.

సిరిసిల్ల నుంచి:

అక్కా, చదువుతుంటే ఆగబుద్ధి కాలే. మా ఊర్ల పవర్‌లూమ్‌లు నడిచే చప్పుడులనే పెరిగిన్నేను. ఇంటికాడ నేస్తేనే పేరు ఇస్తమని చట్టం చేసిన్రంటే, ఆసామి, సేఠు నడుమ నలిగే మా నాయనసొంటోళ్లకు ఎంత ధైర్యమో. మన వరంగల్ దర్రీలకు జీఐ (ఈ సరుకు ఈ ఊరిదే అన్న) గుర్తింపు ఉంది, 2018ల వచ్చింది. గని పేరు ఒక్కటే సరిపోదు, ఇంటికాడ నేసెటోనికి పని నిలవాలె. తమ్ముడు హారిస్ పోతే ఒక్క మాట అడిగి రావాలె, ఏడాదిల ఎన్ని నెలలు పని దొర్కుతదని.

నిర్మల్ అన్న:

తమ్మీ, నేను ఎక్కువ కొండలే తిరిగిన, అవే చెప్త. స్కాట్లాండ్‌ల 2003 భూ సంస్కరణ చట్టం వల్ల పంట ఉన్న పొలాలు, ఇండ్ల జాగలు తప్ప, కొండలు, అడివి అన్న తేడా లేకుంట బాధ్యతగ ఎవలన్న నడవచ్చు, టెంటు వేస్కోవచ్చు. లోమండ్ సరస్సు చుట్టుపక్కల మాత్రం కొన్ని చోట్ల మార్చి నుంచి సెప్టెంబర్ దాక టెంటుకు పర్మిట్ కావాలె. గేటు తీస్తే మళ్ల మూసి పో, గొర్రెల మందలు ఉంటయి.

జూన్ అంటే మిడ్జ్‌ల కాలం. ఇసుక రేణువంత పురుగులు, గుంపులు గుంపులుగ వచ్చి కరుస్తయి. గాలి ఆగినప్పుడు, సరస్సు ఒడ్డున, సాయంత్రం పూట ఎక్కువ. తలకు వేసుకునే వల ఒకటి అక్కడ్నే కొను, పైసలు చూడకు. వానకోటు మంచిది తీసుకో, గొడుగు ఆ గాలికి నిలవదు. అక్కడి అన్నిటికన్న ఎత్తు కొండ బెన్ నెవిస్ 1,345 మీటర్లే కద అని తేలికగ తీసుకోకు, జూన్‌ల గూడ పైన మంచు ఉంటది, మబ్బు పట్టిందంటే తొవ్వ కనబడదు.

ఒక్క దగ్గర అక్కతోని ఒప్పుకోను. పారిస్‌ను అంత తక్కువ చెయ్యొద్దు. గిమే మ్యూజియంకు పో, మంగళవారం తప్ప. అందుల అమరావతి సున్నపురాయి శిల్పాలు ఉన్నయి. మన కృష్ణ ఒడ్డు రాయి అక్కడ ముంగట నిలవడితే కాళ్లు కదలలే నాకు. నోత్రదామ్ చర్చి గూడ 2019ల కాలినంక బాగు చేసి 2024 డిసెంబర్ల తెరిచిన్రు, లోపలికి పోవుడు ఉచితం. రాయి అంత కడిగిన్రు, తెల్లగ మెరుస్తది. మూడు రోజులు ఉంచుకో.

నయీంనగర్ పోరడు:

అందరికి మస్తు థాంక్స్. అక్కా, హారిస్ ఖాయం, నీస్, బోర్దో తీసేసిన. సిరిసిల్ల అన్నా, ఆ మాట అడిగే వస్త. రెండు డౌట్లు. లియోన్ నుంచి పల్లెటూరు దిక్కు పోవాలంటే ఎటు? తిండికి ఏం చేసిన్రు?

కొత్తవాడ బిడ్డ:

నిర్మల్ అన్న చెప్పిన శిల్పాల కోసమైతే మూడు రోజులు సరే.

పల్లెల దిక్కంటే ల్ పుయ్ పో. లియోన్ నుంచి సాంత్ ఎత్యెన్ మీదికెల్లి రైలు. చిన్న ఊరు, ఊరి నడుమ అగ్నిపర్వతం మిగిల్చిన రాళ్లు నిటారుగ లేచి ఉంటయి. ఒక రాయి కొసన పదో శతాబ్దం నాటి చిన్న చర్చి, 268 మెట్లు. స్పెయిన్ దాక నడిచిపోయే యాత్రికులు ఇక్కడ్నే బయలుదేరుతరు, పొద్దున ఏడింటికి పెద్ద చర్చిల వాళ్లకు దీవెన ఇస్తరు. నువ్వు అంత దూరం నడవనక్కర్లేదు, ఆ తొవ్వల రెండు మూడు రోజులు నడువు. చెట్ల మీద, రాళ్ల మీద తెలుపు ఎరుపు గీతలు ఉంటయి, అవి చూస్కుంట పోవుడే. గీతలు గుణకారం గుర్తులెక్క అడ్డం ఉంటే అది నీ తొవ్వ గాదు. రాత్రికి జీత్‌ల, అంటే నడిచెటోళ్లు దిగే బసల దిగు. మంచం, రాత్రి భోజనం, పొద్దున రొట్టె కలిపి తీసుకోవచ్చు, అందరు ఒక్క బల్ల కాడ తింటరు. నేను పోయిన కాడ ఇంటామె పెద్ద గిన్నె తెచ్చి నడుమ పెట్టి, ముందుగాల కొత్తగ వచ్చినోళ్లకు వడ్డించింది.

ఆ ఊరి పచ్చ పప్పు పేరుగల్లది, 1996ల గుర్తింపు వచ్చింది. ఉడికినా చెదరది, గింజ గింజగ ఉంటది. గని ఎక్కువగ పోర్క్ వేసి వండుతరు, ‘సాన్ వియాంద్’ (మాంసం లేకుంట) అని ముందే చెప్పు. దుకాణంల, బస్సుల ఎవలిని ఏమడగాలన్నా ముందు ‘బోంజూర్’ అను. అనకుంట అడిగితే మొఖం తిప్పుకుంటరు, అన్నవంటే కూడ వచ్చి తొవ్వ చూపెడతరు.

స్కాట్లాండ్‌ల హ్యాగిస్ తిను. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఓట్స్‌తోని కలిపి వండుతరు, బోటి తినే ఇంట్ల పుట్టినోనికి ఇబ్బంది ఉండది. మిగతా రోజులు హాస్టల్ వంటింట్ల అన్నం వండుకో, కారప్పొడి డబ్బా ఒక్కటి పట్టుకపో. పోర్ట్రీల, టార్బర్ట్‌ల మంచాలు తక్కువ, జూన్‌కు తొందరగ నిండుతయి. రెండు వీసాలు చేతికొచ్చిన రోజే అవి బుక్ చెయ్, ఆ తారీఖులు దొరికినంక ఫెర్రీ, దాని ఎనుక యూరోస్టార్.