నర్సింగ్ రెండో ఏడాది: నెలకు నాలుగు వేలు తక్కువ పడుతోంది, నైట్ డ్యూటీ ఒప్పుకోవాలా?

పల్నాటి అమ్మాయి

అక్కలకు, అన్నలకు నమస్కారం. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. మూడో సెమిస్టరు చివరికి వచ్చింది. మా ఊరు పిడుగురాళ్ల దగ్గర. నాన్న రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. అమ్మ సీజన్‌లో కాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది కాబట్టి ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది. నా దిగులంతా తిండికీ, గదికీ అయ్యే ఖర్చు గురించే.

కొత్తపేటలో ప్రైవేటు హాస్టల్‌కు భోజనంతో కలిపి నెలకు 5,500. రికార్డులు, జెరాక్సులు, ఆటోలు, సబ్బులు, ఫోను రీఛార్జి అన్నీ ఎంత బిగబట్టినా 2,000 అవుతున్నాయి. ఇంటి నుంచి 3,500 వస్తుంది. అంటే నెలకు 4,000 తక్కువ.

మొదటి ఏడాది అమ్మ చెవి కమ్మలు బ్యాంకులో పెట్టి గడిపాం. 2025లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించిన సీజన్ అది. నాన్న మిర్చి యార్డుకు తోలిన టిక్కీల (బస్తాల) మీద వచ్చిన డబ్బు కౌలుకు, కోత కూలీలకు, పురుగుమందుల కొట్టు బాకీకి సరిపోయింది. కమ్మలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. అమ్మ చెవులకు చీపురు పుల్లలు పెట్టుకుని తిరుగుతోంది. సెలవులకు వెళ్లినప్పుడు ఆ పుల్లలు చూసి నాకు అన్నం దిగలేదు.

ఇప్పుడు ఒక చిన్న నర్సింగ్ హోమ్ వాళ్లు నైట్ డ్యూటీకి రమ్మంటున్నారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు, వారానికి 4 రాత్రులు, నెలకు 9,000. పేషెంట్లు పడుకున్నాక నువ్వూ కాసేపు కునుకు తీయవచ్చని చెప్పారు. ఆసుపత్రి వార్డులో నా పోస్టింగ్ ఉదయం 8కి మొదలవుతుంది, మధ్యాహ్నం నుంచి క్లాసులు. ఒప్పుకుంటే నా లోటు తీరి, ఏడాది తిరిగేసరికి కమ్మలు కూడా విడిపించవచ్చు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నా క్లాసులో ఇద్దరు అలాంటి డ్యూటీలే చేస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయి నిన్న మెడికల్ వార్డులో బీపీ చూస్తూ, స్టెతస్కోపు చెవుల్లో ఉండగానే గోడకు ఆనుకుని నిద్రపోయింది. ట్యూటర్ మేడం అటు తిరిగేలోపు నేను భుజం తట్టి లేపాను. అప్పటి నుంచి నాకు భయంగా ఉంది. చదువుతూ నైట్ డ్యూటీ చేసి నెగ్గుకొచ్చినవారు ఎవరైనా ఉన్నారా? లేకపోతే మరో దారి ఏమైనా ఉందా? చదువు ఆపే ఆలోచన మాత్రం నాకు లేదు.

బెజవాడ సిస్టర్

చెల్లీ, ఒప్పుకోవద్దు. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

రెండో ఏడాదిలో నాకూ ఇదే అవసరం వచ్చింది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో వారానికి మూడు రాత్రులు చేసేదాన్ని. రెండు నెలలు బాగానే ఉన్నట్టు అనిపించింది. ఒక రాత్రి వాంతులతో నీరసించి వచ్చిన ఒక మామ్మకు సెలైన్ పెట్టాం. మామూలు సెట్, 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు. మూడు గంటలప్పుడు పక్కన స్టూలు వేసుకుని, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెడుతున్నాను. పదిహేడు వరకు గుర్తుంది. మామ్మ కోడలు కేక వేస్తే కళ్లు తెరిచాను. సీసా ఖాళీ, గొట్టంలో రక్తం జానెడు పైకి ఎక్కి ఉంది. నరంలో పెట్టిన సన్న గొట్టం, అదే క్యాన్యులా, రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. ఆమెవి సన్నటి నరాలు, మళ్లీ రెండు చోట్ల గుచ్చాల్సి వచ్చింది. నొప్పికి పళ్లు బిగబట్టుకుని కూడా, "నీకు మాత్రం నిద్ర ఉండదా అమ్మా" అని నన్నే ఓదార్చింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. సెలైన్ కాబట్టి అంతటితో పోయింది. పొటాషియం కలిపిన సీసా వేగం తప్పి ఉంటే గుండెకే ముప్పు, అది ఇప్పుడు నీకూ తెలుసు.

నీకు ఇంకా స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు. రాత్రిపూట ఇంజెక్షన్ తేడా పడితే, ఆ నర్సింగ్ హోమ్ వాళ్లు నిన్ను మా సిస్టర్ అంటారో, ఎవరో స్టూడెంటు అంటారో ఆలోచించు. కునుకు తీయవచ్చని చెప్పిన చోట అసలు పనే చేయకూడదు. పైగా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం థియరీకి 80 శాతం హాజరు ఉండాలి, వార్డుల్లో చేసే క్లినికల్‌కు డిగ్రీ చేతికి వచ్చేలోపు 100 శాతం పూర్తి కావాలి. నిద్ర లేక, జ్వరం వచ్చి పోగొట్టుకున్న ప్రతి పోస్టింగ్ రోజునూ తర్వాత చేసి తీరాలి.

ఇక డబ్బు సంగతి. నీకు నెలకు 4,000 కావాలి, ఇంకా 30 నెలలు మిగిలాయి. మొత్తం 1,20,000. ఇది విద్యారుణం తీసుకోదగ్గ మొత్తం. విద్యారుణం ఫీజుకు మాత్రమేనని చాలామంది అనుకుంటారు. హాస్టల్, భోజనం, పుస్తకాలు, యూనిఫారం కూడా అందులోకి వస్తాయి. కాలేజీ హాస్టల్ కాకుండా బయట ఉన్నా సమంజసమైన ఖర్చును లెక్కలోకి తీసుకుంటారు. బ్యాంకుల నమూనా పథకంలో 4 లక్షల వరకు తాకట్టు ఉండదు, మన వాటా కింద ముందు కట్టాల్సిందీ ఉండదు. అమ్మ గానీ నాన్న గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కోర్సు అయ్యాక మరో ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది, అది మర్చిపోవద్దు. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే చదువుకునే కాలానికి వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. మీ కాలేజీ దాని కిందికి వస్తుందా అని దరఖాస్తు రోజే అడుగు. రాకపోయినా పది శాతం వడ్డీ వేసి చూశాను. ఐదేళ్ల వాయిదా నెలకు మూడు వేల పైచిలుకు ఉంటుంది. ఆ నాటికి నువ్వు జీతం తీసుకునే స్టాఫ్ నర్సువి.

కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు ధ్రువపత్రం), ఏడాదివారీ ఖర్చుల అంచనా పత్రం తీసుకో. హాస్టల్ రసీదులు దాచు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టు, తర్వాత బ్రాంచికి స్వయంగా వెళ్లు. మా ఇంట్లో అప్పు అంటే అవమానం అనుకుని ఈ దారి అడగనే లేదు. ఆ రెండు నెలల రాత్రులకు అదే కారణం.

ఫిజియో సీనియర్

సిస్టర్ గారు చెప్పింది నిజం. నేను గుంటూరులో ఫిజియోథెరపీ చదివాను, లోన్ వచ్చేవరకు మూడు నెలలు ఎలా గడిపానో చెబుతాను. బ్రాడీపేటలో ఒకే ఇంట్లో ఇద్దరు ఇంటర్ పిల్లలకు జువాలజీ, బోటనీ చెప్పాను. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర, వారానికి ఐదు రోజులు, ఇద్దరికీ కలిపి 3,500 ఇచ్చేవారు. వాళ్ల అమ్మగారు రోజూ టిఫిన్ పెట్టేవారు, అది వేరే లెక్క. రాత్రి పదింటికి పడుకునేవాడిని, అది ముఖ్యం. మధ్యాహ్నం అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే భోజనం దొరుకుతుంది, ఆదివారం మాత్రం ఉండదు. నేను వరసలో తెల్ల కోటుతోనే నిలబడేవాడిని. నువ్వూ మొహమాటపడవద్దు చెల్లెమ్మా.

ఇంకొకటి. ప్రభుత్వ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు గుంటూరులో ఉన్నాయి. సీటు దొరికితే గది, భోజనం రెండింటి బెంగా తీరుతుంది. మధ్యలో ఖాళీలు వస్తుంటాయి, వార్డెన్‌ను కలిసి పేరు రాయించు.

పల్నాటి అమ్మాయి

సిస్టర్ అక్కా, మామ్మ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్క సందేహం. అమ్మ కమ్మల మీద నాన్న తీసుకున్న 30,000 గడువు దాటి నాలుగు నెలలు అయింది, నోటీసు కూడా వచ్చింది. అది చూసి విద్యారుణం ఇవ్వమంటారా?

సత్తెనపల్లి రైతు

అమ్మా, మా అమ్మాయికి ఇదే ఎదురైంది. ఆమె ఫార్మసీ చదివింది. నా బంగారం అప్పు గడువు దాటిందని మేనేజరు గారు కాగితాలు పక్కన పెట్టారు. వడ్డీ కట్టి తిరగరాయించుకున్నాక, ఆ రసీదు జతచేసి మళ్లీ వెళ్తే తీసుకున్నారు. మమ్మల్ని అసలు మొత్తం కట్టమనలేదు. ముందు ఆ పని చేయించు. నోటీసు వచ్చిందంటున్నావు కాబట్టి ఆలస్యం చేయవద్దు, వేలం దాకా పోనివ్వవద్దు. మీ నాన్నతో ఈ మాట నువ్వే చెప్పు. పిల్ల రాత్రిళ్లు పనికి పోవాలనుకుందని తర్వాత తెలిస్తే ఆయన తట్టుకోలేడు. నాకు ఆడపిల్లలు ఉన్నారు, నాకు తెలుసు.

బెజవాడ సిస్టర్

అవును, ముందు తిరగరాయించండి. అలాగే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ జ్ఞానభూమిలో నీ దరఖాస్తు ఒకసారి తెరిచి చూడు. కాలేజీ ఫీజు వేరు, తిండికీ వసతికీ ఇచ్చే ఎంటీఎఫ్ (మెయింటెనెన్స్ ఫీజు) వేరు. 2020లో వసతి దీవెనగా మొదలుపెట్టినప్పుడు డిగ్రీ, ఆపై కోర్సులకు ఏడాదికి 20,000గా పెట్టారు. ఆ వరసలో నీకు ఏమైనా వస్తే నెల ఖర్చులో కలుపుకోవద్దు, నేరుగా లోన్‌కు కట్టు. ఆ డబ్బు నాలుగైదు నెలలు ఆగినా నీ మెస్ బిల్లు ఆగకూడదు.

పల్నాటి అమ్మాయి

నిన్న రాత్రి నాన్నకు ఫోను చేసి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బ్యాంకు ఎన్నింటికి తెరుస్తారు?" అని అడిగారు. పక్కింటి బాబాయి దగ్గర చేబదులు తీసుకుని సోమవారం వడ్డీ కడతారు. రసీదు తీసుకుని మంగళవారం ఉదయం రైలుకు గుంటూరు వస్తారు, ఇద్దరం కలిసి బ్రాంచికి వెళ్తాం. బోనఫైడ్ తీసుకున్నాను, ఖర్చుల పత్రం రేపు ఇస్తామన్నారు.

నర్సింగ్ హోమ్‌కు రానని చెప్పేశాను. స్టెతస్కోపుతో నిద్రపోయిన మా స్నేహితురాలికి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. ఇప్పుడు నా మంచం మీదే కూర్చుని, నా రికార్డు వెనక పేజీలో తన లెక్క రాసుకుంటోంది. ఆమెకు నెలకు తక్కువ పడుతున్నది 3,200.