కర్నూల్లో ఇల్లు అమ్మాలి: ఆన్‌లైన్‌లో చూపించే ధర నమ్మొచ్చా?

బెంగళూరు బస్సు:
అందరికీ నమస్కారం. కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టుకు దగ్గర్లో మా ఇల్లు ఉంది. నాన్న 1998లో కట్టించారు. స్థలం 3 సెంట్లు, అంటే 150 గజాలు. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్, రెండూ కలిపి 1,900 చదరపు అడుగులు. మొన్న రాత్రి ఒక ప్రాపర్టీ సైట్‌లో వివరాలు కొడితే 1 కోటి 8 లక్షలని చూపించింది. ఇంకో దాంట్లో 92 లక్షలు. ఊళ్లో తెలిసిన బ్రోకర్‌ను అడిగితే "70 దాటితే మీ అదృష్టం" అన్నాడు. ఒకే ఇంటికి ఇంత తేడా ఎట్లా వస్తుంది? ఇంట్లోవాళ్లకు చూపించాలి, కాస్త గట్టి ఆధారం ఏదైనా ఉంటే చెప్పండి.

గజం కొలత:
3 సెంట్లంటే 145.2 గజాలు. 150 కాదు. సెంటుకు 48.4.

సి క్యాంపు కుర్రాడు:
1.08 కోట్లకు అమ్ముడుపోతే మాకూ చెప్పన్నా, మా ఇల్లు కూడా పెడతాం.

కందనవోలు పెద్దాయన:
బాబూ, నేను పాతబస్తీ వాణ్ని. 2020 జనవరిలో మా ఇల్లు అమ్మకానికి పెట్టాను. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది, కర్నూలుకు హైకోర్టు అన్నారు, గుర్తుండే ఉంటుంది. వారం తిరక్కుండానే మా వీధిలో ప్రతివాడూ రేటు పెంచి చెప్పడం మొదలుపెట్టాడు. మా అల్లుడు సైట్‌లో చూసి "64 లక్షలు మామయ్యా, పైసా తగ్గొద్దు" అన్నాడు. తగ్గలేదు. పద్దెనిమిది నెలలు తగ్గలేదు.

వచ్చినవాళ్లంతా హాల్లో కూర్చుని కాఫీ తాగి ఒకటే మాట అడిగేవాళ్లు: "2009లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి సార్?" తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకి వచ్చిన అక్టోబరు అది. మా ఇంట్లో దేవుడి గూటికి జానెడు పైన గీత ఉంది. మూడుసార్లు పెయింట్ వేయించాను. వానాకాలం రాగానే గోధుమరంగులో మళ్లీ తేలుతుంది. సైట్‌కు ఆ గీత కనపడదు, కొనేవాడికి మొదట అదే కనపడుతుంది. చివరికి 47కి ఇచ్చి చేతులు దులుపుకున్నాను. ఆ మధ్యలో కూతురి పెళ్లికి వడ్డీకి తెచ్చిన డబ్బు సంగతి ఇక్కడ రాయను.

డేటా దాసు:
పెద్దాయనా, మీ బాధ నిజమే. కానీ బ్రోకర్ చెప్పేది మాత్రం దేవుడి వాక్కా? అనంతపురంలో మా అమ్మ ఒక్కతే ఉండేది. ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేయాలనుకుంది. బ్రోకర్ 41 లక్షలన్నాడు. "పాత ఇల్లమ్మా, వీధిపోటు ఉంది, ఎవరూ రారు" అని రోజూ వచ్చి చెప్పేవాడు. అమ్మ నమ్మి సంతకం పెట్టింది. కొన్నవాడు ఆ బ్రోకర్ బావమరిది అని తర్వాత తెలిసింది. నాలుగు నెలలకు అదే ఇల్లు 55కి పోయింది. కమీషన్ రెండు వైపులా తీసుకున్నాడు.

ఆ రోజు అమ్మ చేతిలో ఒక అంకె ఉండి ఉంటే, అది తప్పుదైనా సరే, "ఎందుకింత తక్కువ నాయనా" అని అడిగేది. నేను సైట్లను వెనకేసుకొచ్చేది అందుకే. అమెరికాలో జిల్లో అనే ఇళ్ల ధరల సైట్ ఇచ్చే అంచనా, అమ్మకానికి పెట్టిన ఇళ్లకు అసలు ధరతో పోలిస్తే 2 శాతం అటూ ఇటూ వస్తోంది. ఇక్కడా ఆ రోజు వస్తుంది.

గజం కొలత:
150 గజాలని కొడితే సైట్ కూడా 150కే లెక్క కడుతుంది. 4.8 గజాలు ఎక్కువ. గజం 35 వేలనుకున్నా 1,68,000 రూపాయలు గాలిలో. ముందు అది సరిచేసి మళ్లీ చూడండి.

బెంగళూరు బస్సు:
సార్, 38 లక్షల తేడా గురించి మాట్లాడుతుంటే మీరు లక్షన్నర దగ్గర ఆగారు.

గజం కొలత:
తప్పు ఎక్కడ మొదలైతే అక్కడే ఆగాలి.

ఆస్టిన్ అన్న:
దాసు గారూ, ఆ 2 శాతం నేనూ చదివాను. అది అమ్మకానికి పెట్టిన ఇళ్లకు. ఓనరు ధర బోర్డు మీద రాసి పెట్టాక ఆ ధర చూసి చెప్పడం పెద్ద విద్యేం కాదు. అమ్మకానికి పెట్టని ఇళ్లకు వాళ్ల లెక్క ప్రకారమే సుమారు 7 శాతం. అది కూడా మధ్యస్థం, అంటే సగం ఇళ్లకు అంతకన్నా ఎక్కువ తప్పుతుంది. నేనుండే టెక్సాస్‌లో అమ్మిన ధర బయట పెట్టాలనే చట్టం లేదు, ఇక్కడ ఇంకా కష్టం. అదే కంపెనీ తన లెక్కలతో ఇళ్లు కొని అమ్మే వ్యాపారం పెట్టి, రేట్లు ఊహించలేకపోతున్నాం అని 2021 నవంబరులో మూసేసింది. సొంత డబ్బు పెట్టేసరికి వాళ్ల అంకెను వాళ్లే నమ్మలేదు.

ప్యానెల్ పని:
బ్యాంకు లోన్లకు వాల్యుయేషన్ రాసే ఆఫీసులో పనిచేస్తాను. 1.08 ఎట్లా వచ్చిందో చెప్పనా? 1,900 అడుగులను సుమారు 5,700తో గుణించి చూడండి. అది అపార్ట్‌మెంట్ ఫ్లాట్ రేటు. సైట్ మీ ఇంటిని ఫ్లాట్ అనుకుంది. కర్నూల్లో ఇండిపెండెంట్ ఇల్లు చూసేవాడు ముందు స్థలం లెక్క వేస్తాడు, గోడలు తర్వాత.

మేము రాసే పద్ధతి వేరు. మీ ఏరియాలో గజం 35 వేలనుకుందాం. 145 గజాలకు దాదాపు 51 లక్షలు (గజం కొలత గారు ఈసారికి ఊరుకోవాలి). ఇవాళ అలాంటి ఇల్లు కట్టాలంటే అడుగుకు 1,800 చొప్పున 34 లక్షలు. కట్టి పాతికేళ్లు దాటింది కాబట్టి తరుగుదల 39 శాతం తీసేస్తే 21 మిగులుతుంది. మొత్తం 72. మీ బ్రోకర్ అబద్ధం చెప్పలేదు.

సైట్లు ఎందుకు తప్పుతాయి అంటే, వాటికి నిజమైన ధర ఎక్కడా దొరకదు. పత్రంలో గవర్నమెంట్ వాల్యూ (రిజిస్ట్రేషన్‌కు సర్కారు కట్టిన ధర) రాసి మిగతాది చేతికి ఇచ్చే అలవాటు ఎంతుందో మీకూ తెలుసు. స్టాంపు, ట్రాన్స్‌ఫర్, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం పడుతుంది, అందుకే అంకె తగ్గిస్తారు. సర్కారు దగ్గరుండేది ఆ తగ్గించిన అంకె. సైట్ దగ్గరుండేది ఓనర్లు ప్రకటనల్లో అడిగే అంకె. ఇంటికి నిజంగా ఎంత ఇచ్చారన్నది కొన్నవాడికి, అమ్మినవాడికి, మధ్యలో ఉన్నవాడికి మాత్రమే తెలుసు.

సి క్యాంపు కుర్రాడు:
ఇంకో సైట్ 92 ఎందుకు చెప్పిందంటారు?

ప్యానెల్ పని:
అది నాకూ అర్థం కాలేదు.

డేటా దాసు:
అంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, బ్లాక్ డబ్బుది. అందరూ నిజం రాస్తే సైట్లు కూడా నిజమే చెబుతాయి. పెద్దాయనా, ఏమనుకోకండి, మీ ఇల్లు పద్దెనిమిది నెలలు అమ్ముడుపోకపోవడానికి కారణం సైట్ కాదు, మీ ఆశ.

కందనవోలు పెద్దాయన:
నా ఆశ అంటావా? నాకు ఆ ఆశ నేర్పింది ఎవరప్పా? అంతకు ముందు నా ఇల్లు 50 అనుకునేవాణ్ని. అంకె చూశాక 50 ఇస్తానన్నవాణ్ని గుమ్మం దగ్గర్నుంచే పంపేశాను. వాడు మంచివాడు, బ్యాంకు లోన్ కూడా రెడీ చేసుకుని వచ్చాడు. మీ అమ్మకు అంకె లేక నష్టం, నాకు అంకె ఉండి నష్టం. నువ్వు పద్నాలుగు లక్షలు పోయాయని ఇప్పటికీ ఏడుస్తున్నావు, నేను పదిహేడు లక్షలు రాలేదని ఏడవలేదు, ఎందుకంటే ఆ పదిహేడు ఏనాడూ లేవు.

డేటా దాసు:
ఏడవడం అనే మాట వద్దు. మా అమ్మ ఇప్పుడు లేదు.

ఆస్టిన్ అన్న:
ఇద్దరూ కాస్త తగ్గండి సార్.

కందనవోలు పెద్దాయన:
తెలీక అన్నాను నాయనా. మనసులో పెట్టుకోవద్దు.

ఒక్క మాట బస్సు బాబును అడగాలి. మొదట్నుంచీ చూస్తున్నా. ఇల్లు అమ్మేవాడు గోడలకు సున్నం వేయిస్తాడు, ఈసీ (ఇంటి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయో లేదో చూపే పత్రం) తీయిస్తాడు, వీధి చివర కిళ్లీ కొట్టులో చెప్పి పెడతాడు. మీరు స్క్రీన్‌షాట్లు తీసుకుంటున్నారు. "ఇంట్లోవాళ్లకు చూపించాలి" అన్నారు. అమ్మకానికి గిరాకీని వెతకాలి గాని ఇంట్లోవాళ్లకు చూపించేదేముంది? మీ ఇల్లు కొనేది మీ ఇంట్లోవాళ్లేనా?

బెంగళూరు బస్సు:
అవును. తమ్ముడు. ఏమైంది ఇప్పుడు?

వాడు కింద పోర్షన్‌లో అమ్మతో ఉంటున్నాడు, పైది అద్దెకిచ్చాడు, ఆ అద్దె పదకొండేళ్లుగా వాడే తీసుకుంటున్నాడు. నాన్న పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఇల్లు 60కి లెక్క కట్టి సగం, 30 లక్షలు ఇస్తా, సంతకం పెట్టు అంటున్నాడు. నాన్న ఆసుపత్రి ఖర్చు నేను పెట్టాను. చెల్లెలి పెళ్లికి లోన్ నేను తీశాను, అది మొన్న మార్చిలో తీరింది. పండక్కి వెళ్తే నా బ్యాగు పెట్టుకోవడానికి కూడా ఆ ఇంట్లో చోటుండదు. ఫోన్‌లో 1.08 చూపిస్తే "అన్నా, నువ్వు ఎప్పుడూ లెక్కలే చూస్తావు" అన్నాడు. లెక్క ఎవరు చూశారు ఇన్నాళ్లూ? 54 నా వాటా. నాకు 72 వద్దు, 92 వద్దు, ఆ 1.08 నిజమని ఎవరైనా రాసివ్వండి చాలు.

డేటా దాసు:
అన్నా, ముందే చెప్పి ఉంటే...

సి క్యాంపు కుర్రాడు:
ఇది సైట్ గొడవ కాదు అన్నమాట.

హంద్రీ అక్క:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. తమ్ముడూ, ఇల్లు నాన్న సొంత సంపాదనతో కట్టిందా? వీలునామా రాశారా?

బెంగళూరు బస్సు:
సొంత సంపాదనే. వీలునామా లేదు.

హంద్రీ అక్క:
అయితే సగం అనే లెక్క ఎక్కడిది? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు అందరికీ సమాన వాటా. అమ్మ, నువ్వు, తమ్ముడు, చెల్లెలు. నాలుగు వాటాలు. ఇంతసేపూ ఇంత మంది మగవాళ్లు గజాలు కొలిచారు, ఒక్కరు కూడా మనుషుల్ని లెక్కపెట్టలేదు. పెళ్లికి లోన్ తీశావు, మంచిదే, దాంతో ఆ పిల్ల వాటా తీరిపోదు. మా అన్నలు నాకు పసుపు కుంకుమ కింద రెండు లక్షలిచ్చి ఇట్లాగే సంతకం పెట్టించుకున్నారు. నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు, కానీ మర్చిపోలేదు.

ప్యానెల్ పని:
ఒక మాట. సైట్ చెప్పిన 1.08 నిజమే అనుకుని నాలుగుతో భాగించినా 27 లక్షలు. తమ్ముడు ఇస్తానన్నది 30.

సి క్యాంపు కుర్రాడు:
అబ్బా.

ఆస్టిన్ అన్న:
అమ్మ, చెల్లెలు వాళ్ల వాటాలు ఎవరికైనా రాసిస్తే లెక్క మారుతుంది. అది వాళ్లిష్టం. వాళ్లను అడిగారా?

కందనవోలు పెద్దాయన:
పదకొండేళ్ల అద్దె మాత్రం అడగాల్సిందే. కానీ ఫోన్‌లో కాదు. బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు. స్క్రీన్‌షాట్లు లేకుండా వెళ్లి రండి.

బెంగళూరు బస్సు:
రెండు రోజులు ఇటు రాలేదు, క్షమించాలి. ఊరికి వెళ్లాను. అమ్మ బీరువాలోంచి పత్రం తీసిచ్చింది. చెల్లెలు కూడా వచ్చింది. ఇంకా ఏదీ తేలలేదు, అద్దె మాట ఎత్తితే తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడులెండి, భోజనాల టైంకి.

గజం కొలత గారూ, పత్రంలో ఉన్నది 3 సెంట్లు కాదు. 2.87.

గజం కొలత:
138.9 గజాలు.