బంతిలో గాలి తగ్గిందా, తీశారా? మా ఇంట్లో తెగని గొడవ

వెస్ట్‌బరో నాన్న:

అందరికీ నమస్కారం. బోస్టన్ దగ్గర వెస్ట్‌బరోలో పదహారేళ్లుగా ఉంటున్నాం. నాకున్నది క్రికెట్ పిచ్చి. కానీ ఈ ఊళ్లో పిల్లల్ని పెంచుతుంటే ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ పేట్రియాట్స్ పిచ్చి చలిజ్వరంలా దానంతటదే ఇంట్లోకి వచ్చేస్తుంది. మా వాడు తొమ్మిదో తరగతి. ఆ టీమ్‌కి బంతి విసిరే స్టార్ ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) టామ్ బ్రేడీ రిటైరైపోయినా వాడి గోడ మీద ఆయన బొమ్మ దిగలేదు.

మా బావమరిదిది ఇండియానాపోలిస్ పక్కన కార్మెల్. అంటే అక్కడి టీమ్ కోల్ట్స్ మనిషి. థ్యాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికొచ్చారు. బ్రేడీ 12వ నంబర్ జెర్సీలో తిరుగుతున్న మా వాణ్ణి చూసి "ఏరా అల్లుడూ, గాలి తీసే బ్యాచ్!" అన్నాడు. అంతే, గారెలు చల్లారిపోయినా వాదన చల్లారలేదు.

ఇండియా నుంచి చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. 2015 జనవరి 18న పేట్రియాట్స్‌కీ కోల్ట్స్‌కీ మధ్య జరిగిన ఏఎఫ్‌సీ ఫైనల్ అది, మన లెక్కలో సెమీఫైనల్ లాంటిది. పేట్రియాట్స్ సొంత మైదానం ఫాక్స్‌బరోలో, చలిలో, వానలో. గెలిస్తే సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. ఈ ఆటలో ఏ టీమ్ బంతులు ఆ టీమ్‌వే. రూల్ ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి 12.5 నుంచి 13.5 పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) మధ్య ఉండాలి. కొంచెం తగ్గితే మెత్తబడి, తడి చేతికి బాగా పట్టు దొరుకుతుంది. హాఫ్‌టైమ్‌లో కొలిస్తే పేట్రియాట్స్ బంతులు 11 చిల్లర దగ్గర తేలాయి. మ్యాచ్ 45-7తో గెలిచారు, తర్వాత సూపర్ బౌలూ గెలిచారు. ఆ మేలో బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్, టీమ్‌కి 10 లక్షల డాలర్ల జరిమానా, రెండు డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలు) గోవిందా.

ఇక మా ఇంటి కథ. మామయ్య మాటకి మా వాడు ఉడుక్కుని, దీన్నే స్కూల్ సైన్స్ ప్రాజెక్ట్ చేస్తానన్నాడు. శనివారం పొద్దున్న వంటింట్లో, హీటర్ 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉండగా, బంతికి సరిగ్గా 12.5 కొట్టాం. రెండు గంటలు వెనక డెక్ మీద పెట్టాం. బయట 46. తర్వాత సూదికి నాలుక మీద తడి అద్ది గుచ్చాడు. గుచ్చిన ప్రతిసారీ "స్స్" మని కాస్త గాలి పోతుంది, ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. ముల్లు 11.3 దగ్గర ఆగింది. ఎవరూ ముట్టుకోలేదు, ఏ సూదీ పెట్టలేదు, బంతి తనంతట తనే 1.2 తగ్గింది! వాడు గంతులేశాడు. నమ్మకం కుదరక పక్కింటాయన గేజ్ అడిగి తెచ్చి మళ్లీ చూశాం. అదే బంతి, అదే నిమిషం, ఇది 11.6 అంది.

వీడియో కాల్‌లో చూపిస్తే బావమరిది ఒక్కటే అన్నాడు: "సైన్స్ సరే బావా, మరి బ్రేడీ తన ఫోన్ ఎందుకు పగలగొట్టించాడట?" నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ నా ప్రశ్న. ఈ గొడవ లోతుగా చదివినవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి, బ్రేడీ మోసం చేశాడా లేదా? పిల్లాడికి ఏం చెప్పమంటారు?

———

కార్మెల్ గుర్రం:

మీ బావమరిదిని నేను కాదు గానీ నాదీ కార్మెలే. ఆయన్ని ఒకసారి కలవాలి.

సార్, చలికి గాలి తగ్గుతుందని మేమూ ఒప్పుకుంటాం. కానీ మీ డెక్ మీద బంతిని ఎవరూ బాత్రూమ్‌లోకి తీసుకెళ్లలేదు కదా! ఆ రోజు రిఫరీల గది చూసుకునే పేట్రియాట్స్ ఉద్యోగి, రిఫరీలకు చెప్పకుండా బంతుల సంచులు మోసుకుంటూ మైదానం వైపు బయల్దేరాడు. దారిలో బాత్రూమ్‌లోకి దూరి గడి పెట్టుకున్నాడు. లోపల ఉన్నది నిమిషం 40 సెకన్లు, కెమెరాలో ఉంది. అడిగితే యూరినల్ వాడానన్నాడు. ఆ బాత్రూమ్‌లో అసలు యూరినలే లేదు! లీగ్ చేయించిన విచారణ నివేదిక, 243 పేజీల వెల్స్ రిపోర్ట్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది ఈ ఒక్క ముక్కే.

ఆ మనిషే అంతకుముందు మేలో తోటి ఉద్యోగికి పెట్టిన మెసేజ్‌లో తనని తాను "డిఫ్లేటర్" అని పిలుచుకున్నాడు. అంటే గాలి తీసేవాడు. టీమ్ లాయర్లు ఏమన్నారో తెలుసా? అది ఒళ్లు తగ్గించుకోవడం గురించిన మాటట. చదివి కుర్చీలోంచి పడ్డాను.

ఇక బ్రేడీ ఫోన్. విచారణకు వెళ్లిన మార్చి 6వ తేదీనో, దానికి కాస్త ముందో ఆ ఫోన్ ధ్వంసం చేయించాడు. అందులో నాలుగు నెలల మెసేజ్‌లు, దాదాపు 10,000. పాత ఫోన్లు అలా పారేయడం తన అలవాటన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

———

ఇంటర్ ఫిజిక్స్:

గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఇప్పుడు మిషిగన్‌లో మనవళ్లకు చెబుతున్నాను. బాబు ప్రాజెక్ట్ చదివి ముచ్చటేసింది.

గేజ్ చూపించేది బయటి గాలి కంటే బంతిలో ఎంత ఎక్కువుందో అంతే. లెక్క వేసేటప్పుడు బయటి గాలి 14.7 కూడా కలపాలి. అప్పుడు 12.5 కాస్తా 27.2 అవుతుంది. 70 ఫారెన్‌హీట్ నుంచి 46కి దిగితే కెల్విన్‌లో 294 నుంచి 281కి వచ్చినట్టు. అదే నిష్పత్తిలో 27.2 కూడా తగ్గి దాదాపు 26 అవుతుంది. 14.7 తీసేస్తే మిగిలేది 11.3. అచ్చం బాబు గేజ్ చూపించిందే! అక్టోబర్‌లో మొదటి చలి పడిన రోజు పొద్దున్నే కారులో టైర్ల లైటు వెలుగుతుంది చూడండి, టైరు పంక్చరేమో అని హడావిడి పడతాం, అదీ ఇదే.

అసలు విషయం మీ రెండు గేజ్‌ల దగ్గరుంది. ఆ రాత్రి రిఫరీ వాల్ట్ ఆండర్సన్ దగ్గర కూడా రెండు గేజ్‌లే. ఒకదాని మీద కంపెనీ లోగో, రెండోదాని మీద లేదు. హాఫ్‌టైమ్‌లో 11 బంతులు కొలిస్తే లోగో ఉన్నది సగటున 11.49 చూపింది, లేనిది 11.11. విచారణకు సైన్స్ చూసిన సంస్థ వేసిన లెక్క ప్రకారం చలి వల్లే 11.32 నుంచి 11.52 దాకా దిగొచ్చు. అంటే మ్యాచ్‌కి ముందు వాడింది లోగో గేజ్ అయితే సగటు లెక్క సరిపోయింది, బ్రేడీ తప్పు లేదు. రెండోది అయితే సరిపోలేదు, అనుమానం నిలబడింది. ఏది వాడారు? తనకు గుర్తున్నంతలో లోగో గేజే అని ఆండర్సన్ చెప్పారు. రిపోర్ట్ మాత్రం ఆయన చెప్పిన మిగతావన్నీ నమ్మి, ఈ ఒక్క దాంట్లో మీరే పొరబడి ఉంటారంది!

ఇంకొకటి. కోల్ట్స్ బంతులు కొలిచింది నాలుగే, అదీ చివర్లో. వెచ్చటి గదిలో అవి ఈలోగా వేడెక్కుతూనే ఉన్నాయి. రెండు టీముల బంతులనూ పక్కపక్కన పెట్టి పోల్చడం నా మటుకు నాకు పరీక్షే కాదు. మ్యాచ్‌కి ముందు ఏ బంతిలో ఎంతుందో ఒక్క అంకె కూడా కాగితం మీద రాయలేదు. మా ల్యాబ్‌లో ఏ పిల్లాడైనా రికార్డు ఇలా తెస్తే సంతకం పెట్టేవాణ్ణి కాదు.

———

ఆరెంజ్ ఆర్మీ హైదరాబాద్:

నాకు ఈ ఆట ఓనమాలు కూడా తెలీవు. 2018లో కేప్‌టౌన్‌లో ఉప్పుకాగితంతో బంతి గీకిన కేసులో మన వార్నర్‌కి ఏడాది నిషేధం పడింది, ఆ ఏడు ఐపీఎల్ కూడా పోయింది. తిరిగొచ్చాక ఉప్పల్‌లో నెత్తిన పెట్టుకున్నాం. లాక్‌డౌన్‌లో తెలుగు పాటలకు స్టెప్పులేస్తే ఇంటల్లుడిలా చూసుకున్నాం. మనవాడైతే క్షమిస్తాం, అవతలివాడైతే దొంగంటాం. మీ బావబావమరుదుల గొడవ కూడా అదే అన్నా.

———

జెట్స్‌తో పెళ్లయింది:

ఎడిసన్, న్యూజెర్సీ. జన్మలో సంతోషం రాసిపెట్టి లేని, న్యూయార్క్ టీమ్ జెట్స్ ఫ్యాన్‌ని. అందరూ గాలి గురించే మాట్లాడుతున్నారు, 2007 ఎవరికీ గుర్తులేదా?

2007 సెప్టెంబర్ 9, మా జెయింట్స్ స్టేడియం. మా డిఫెన్స్ కోచ్‌లు చేతులతో సైగలు చేస్తుంటే పేట్రియాట్స్ వీడియో కుర్రాడు సైడ్‌లైన్ నుంచి కెమెరాలో పట్టేశాడు. మా సెక్యూరిటీ కెమెరా లాక్కుంది. కోచ్ బెలిచిక్‌కి 5 లక్షల డాలర్లు, టీమ్‌కి రెండున్నర లక్షలు ఫైన్, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ పోయింది. తర్వాత లీగ్ కమిషనర్ గూడెల్ ఆ టేపులన్నీ ధ్వంసం చేయించాడు. బ్రేడీ ఫోన్ పగిలితే నేరం, లీగ్ టేపులు పగిలితే క్రమశిక్షణ!

2015లో శిక్ష అంత గట్టిగా పడటానికి సగం కారణం 2007 అని నా అనుమానం. అప్పుడు తేలిగ్గా వదిలేశారని మిగతా ఓనర్లకు మంట. ఒకసారి దొంగ ముద్ర పడ్డ ఇంట్లో పిల్లి పాలు తాగినా కేసే.

———

కార్మెల్ గుర్రం:

పిల్లి కాదు బ్రో, మేక. ఇక్కడ బ్రేడీని అదే అంటారుగా, గోట్ (గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్) అని!

———

పార్ట్‌టైమ్ ప్లీడరు:

కోర్టు ఆయన్ని దోషి అంది, కాదు నిర్దోషి అంది అని రెండు రకాలుగానూ వాదిస్తారు. రెండూ తప్పే. 2015 సెప్టెంబర్ 3న న్యూయార్క్‌లో జడ్జి బెర్మన్ సస్పెన్షన్ కొట్టేశారు. 2016 ఏప్రిల్ 25న అప్పీల్ కోర్టు 2-1తో మళ్లీ నిలబెట్టింది. గాలి ఎవరైనా తీశారా అన్నది వీళ్లెవరూ తేల్చలేదు. ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న ఒప్పందంలో, శిక్ష వేసే అధికారం, దాని మీద అప్పీల్ వినే అధికారం రెండూ కమిషనర్‌కే ఇచ్చారు. వేసినవాడే వినొచ్చా అంటే, సంతకాలు పెట్టారు కాబట్టి వినొచ్చు అన్నారు. అంతే కథ.

రిపోర్ట్ కూడా "చేశాడు" అనలేదు. సిబ్బంది కావాలని గాలి తీసి ఉండే అవకాశమే ఎక్కువ, బ్రేడీకి ఆ సంగతి "కనీసం స్థూలంగా" తెలిసి ఉండే అవకాశమే ఎక్కువ అంది. ఈ మాత్రం మాటకు కోట్ల జీతగాణ్ణి నాలుగు మ్యాచ్‌లు కూర్చోబెట్టారు. ఆ శిక్ష 2016 సీజన్ మొదట్లో అనుభవించి, అదే సీజన్ చివర్లో 28-3తో వెనకబడ్డ సూపర్ బౌల్‌ని ఎత్తుకుపోయాడు, అది వేరే విషయం.

———

వెస్ట్‌బరో నాన్న:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. మాస్టారూ, మీరు రాసింది ప్రింట్ తీసి మా వాడి టేబుల్ మీద పెట్టాను. నాలుగుసార్లు చదివాడు.

అందరి మాటా విన్నాక నాకు అనిపించింది రాస్తాను. గాలి విషయంలో బ్రేడీని నేను తప్పుపట్టలేను. హాఫ్‌టైమ్‌లో బంతులు సరిచేశాక కూడా రెండో సగం 28-0, ఇక గాలి వల్ల గెలిచారని ఎలా అంటాం? పైగా 2014 అక్టోబర్‌లో జెట్స్ మ్యాచ్ తర్వాత చూస్తే బంతులు 16 దగ్గరున్నాయట, రూల్ కంటే రెండున్నర ఎక్కువ. దానికి ఎవరికీ శిక్ష లేదు. అంటే ఆ రాత్రి దాకా ఈ అంకెను ఎవరూ లెక్కే చేయలేదన్నమాట. తర్వాతి సీజన్‌లో లీగ్ అక్కడక్కడ బంతులు కొలిపించింది, ఆ అంకెలు ఇప్పటికీ బయటపెట్టలేదు. చలికి తగ్గలేదని తేలితే పెద్దక్షరాలతో వేసేవాళ్లు కాదా?

కానీ కార్మెల్ అబ్బాయీ, ఆ యూరినల్ ముక్క మాత్రం నా గొంతులో అడ్డం పడింది. ఫోన్ కూడా. బ్రేడీ అంటే ప్రాణమిచ్చే పిల్లాడి ముందు ఆ రెండూ దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు కాసేపు బంతిని చేతిలో తిప్పి, "ఫోన్ నా ప్రాజెక్ట్‌లో లేదు నాన్నా" అన్నాడు. ప్లీడరు గారూ, పనికొస్తాడంటారా?

ప్రాజెక్ట్ మొన్న ఇచ్చేశాడు. టీచర్ అడిగిన మొదటి ప్రశ్న, మొదటి రీడింగ్ ఏ గేజ్‌తో తీశావు, రాసిపెట్టుకున్నావా అని. రాసుకున్నాడు, తేదీ టైముతో సహా. నాకు కాలర్ ఎగరేయాలనిపించింది.

నిన్న బావమరిది దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది. విప్పితే డిజిటల్ గేజ్. లోపల చీటీ: "అల్లుడూ, ఈసారి సరిగ్గా కొలువు." రాత్రే డెక్ మీద బంతి పెట్టి మూడింటితోనూ చూశాం. పాతవి రెండూ ఎప్పట్లానే చెరో అంకె చూపించాయి. కొత్తది మూడోది చూపిస్తోంది.